అక్షరాల ముచ్చట్లు: కూపర్ బ్లాక్ ఎక్కడ నప్పుతుంది?

ప్రశ్న: నేను డీటీపీ, ఫ్లెక్సు పనులు చేస్తుంటాను. బేకరీ పెడుతున్న ఒకాయన పాతకాలపు ఇంగ్లీషు అక్షరాలు కావాలంటూ కూపర్ బ్లాక్ ఫాంటును ఎంచుకున్నారు. బోర్డు మీద పేరు చక్కగా కుదిరింది కానీ, కింద ఐటముల పట్టీని కూడా అందులోనే వేస్తే అంతా అలుక్కుపోయినట్టుంది. కారణమేమిటి? ఇది నిజంగా ఏ కాలపు ఫాంటు? పక్కన తెలుగు పేరుకు ఏది వాడమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ ఫాంటును చూడగానే చాలామందికి 1970ల నాటి పోస్టర్లు గుర్తుకొస్తాయి కానీ, దాని పుట్టుక అంతకు దాదాపు యాభై ఏళ్ల ముందుది. షికాగోలో ప్రకటనలకు అక్షరాలు గీసే ఆస్వాల్డ్ కూపర్ దీన్ని రూపొందించగా, అక్కడి బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ పోతశాల 1922లో సీసపు అచ్చుగా విడుదల చేసింది. దూరదృష్టి గల ముద్రాపకుల కోసం, హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి సరిగా ఆనని చూపు) గల వారి ఖాతాదారుల కోసం దీన్ని చేశానని కూపర్ అన్నారంటారు. ఆ మాటలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది: ఇది దూరం నుంచి చూసి గుర్తుపట్టాల్సిన నాలుగైదు మాటలకోసం పుట్టిన అక్షరం.

ఇంగ్లీషు ‘ఓ’ అక్షరాన్ని తెరమీద బాగా పెద్దది చేసి చూడండి. చుట్టూ గీత ఎంతో లావుగా ఉండి, మధ్యలో ఎడమవైపు వాలిన చిన్న కోడిగుడ్డంత ఖాళీ మాత్రమే మిగులుతుంది. గీతల కొసల్లో సెరిఫ్‌లు అనే చిన్న పొడిగింపులు కూడా పదునుగా తెగకుండా, గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. పెద్ద సైజులో ఆ మెత్తదనమే ముచ్చటగొలుపుతుంది. చిన్న సైజులో సిరా కాస్త పాకినా ఆ లోపలి ఖాళీలు పూడిపోతాయి కనుక, అలుక్కుపోవడానికి కారణం మీ ప్రింటరు కాదు, ఆ అక్షరం స్వభావమే. ఐటముల పట్టీకి సాదా సన్నని ఫాంటు వాడండి.

1970ల పోస్టర్ల నాటి పాతకాలపు కళ రావాలంటే అక్షరాల మధ్య ఎడం కొంచెం తగ్గించండి. సీసపు దిమ్మెలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కలేవు. 1960లలో ఫొటోటైప్‌సెట్టింగ్ (సీసం లేకుండా అక్షరాలను ఫొటో పద్ధతిలో కూర్చడం), రుద్ది అంటించే లెట్రాసెట్ షీట్లు వాడుకలోకి వచ్చాకే అక్షరాలను ఒరుసుకునేంత దగ్గరగా పేర్చడం తేలికైంది. బీచ్ బాయ్స్ అనే అమెరికన్ పాటల బృందం 1966 నాటి ‘పెట్ సౌండ్స్’ ఆల్బం అట్ట మీద ఉన్నది ఈ ఫాంటే, ఈజీజెట్ అనే బ్రిటిష్ విమానయాన సంస్థ విమానాల మీద నారింజ రంగులో కనిపించే పేరూ ఇదే. అయితే పేరు వెడల్పు చాలడం లేదని అక్షరాలను అడ్డంగా సాగదీయడం మాత్రం దయచేసి చేయకండి. లావు, సన్నం గీతల పొందిక చెడిపోయి, కూపర్ పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.

ఇక తెలుగు సంగతి. మన అక్షరాలకు సెరిఫ్‌లు లేవు కాబట్టి వాటికోసం వెతకనక్కర్లేదు; లావూ, గుండ్రదనమూ కలిస్తే చాలు. ఉచితంగా దొరికే ‘బాలూ తమ్ముడు’ ఫాంటు ఇందుకు బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ‘స్వీట్స్’ అని రాసి చూడండి: కింద వత్తులకు చోటు కావాలి కాబట్టి, తర్వాతి పంక్తిని ఇంగ్లీషుకన్నా బాగా కిందికి దించాల్సి వస్తుంది. ‘ష’ లోపలి చిన్న గీత పూడిపోతే ‘ప’ అని చదివే ప్రమాదమూ ఉంది. అందుకే ఫ్లెక్సు ముద్రించే ముందు పేరును అసలు సైజులో ఒక కాగితం మీద తీయించి, గోడకు అంటించి, రోడ్డు అవతలి వైపు నుంచి ఒకసారి చదవండి.