4,199 అన్న టికెట్ చివరికి 6,582 అయింది, ఇందులో వెనక్కి వచ్చేదెంత?

ప్రశ్న: మాది హనుమకొండ. దసరా సెలవుల్లో అమ్మానాన్నలను, ఎనిమిదేళ్ల మా బాబును తీసుకుని హైదరాబాద్ నుంచి కాశీకి విమానంలో వెళ్లాను. ఒక బుకింగ్ యాప్‌లో మనిషికి 4,199 అని చూసి, నలుగురికి 16,796 అవుతుందని లెక్కేసుకున్నాను. తీరా డబ్బు కట్టేసరికి 20,828 అయింది. సీట్లకు 1,400, ఇన్సూరెన్స్‌కు 996, విరాళం 40, కన్వీనియెన్స్ ఫీజు 1,596 అట. ఒక్క పేమెంటుకు నలుగురి లెక్కన నాలుగు ఫీజులు ఎందుకు? ఇన్సూరెన్స్, విరాళం నేను అడగనే లేదు. సీట్లు మాత్రం, కొనకపోతే బాబును వేరేచోట కూర్చోబెడతారేమోనన్న భయంతో కొన్నాను. శంషాబాద్ కౌంటర్‌లో మీ టికెట్‌కు బ్యాగేజ్ లేదని రెండు బ్యాగులకు ఇంకో 5,500 కట్టించుకున్నారు, అన్నీ కలిపి మనిషికి 6,582 పడింది. ఏమైనా తిరిగి వస్తుందా? ఇంత చిన్న మొత్తానికి కేసు వేయొచ్చా? టికెట్ షరతుల్లో వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే అని ఉంది, అదీ భయంగా ఉంది. స్క్రీన్‌షాట్లు, టికెట్ పీడీఎఫ్ పంపుతున్నాను.

జవాబు: వేయొచ్చు. కానీ మీరు రాసిన ఐదు మొత్తాలూ ఒక్క రకానివి కావు, అన్నీ కలిపేసి 'మోసం చేశారు' అని ఫిర్యాదు రాస్తే గట్టిగా నిలబడే అంశాలు కూడా పలచబడిపోతాయి. అందుకని ఒక్కొక్కటీ విడిగా చూద్దాం. ఇలాంటి వాటిలో నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే, ఆ టిక్ ఎవరు పెట్టారు? మీరు పెట్టారా, పేజీ తెరుచుకునేసరికే పెట్టి ఉందా?

ఇన్సూరెన్స్ విషయంలో మీరు పంపిన రెండో స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి చూశాను. రెండు గుండ్రని గడులు ఉన్నాయి. పైదాంట్లో, ఆకుపచ్చ పట్టీ మీద 'అవును, నా ప్రయాణానికి రక్షణ కావాలి' అని లావు అక్షరాలు, గడి అప్పటికే నిండి ఉంది. కిందది తెల్ల పేజీలో కలిసిపోయేంత లేత బూడిద రంగులో 'వద్దు, రిస్క్ నేనే భరిస్తాను' అని. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లే మనిషికి ఆ కింది గడి నొక్కడానికి చెయ్యి రాదు, అలా రాయడంలో ఉద్దేశమే అది. దీన్ని చట్టం పట్టించుకోలేదనుకోకండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు కొనుగోలుదారు సమ్మతిని ముందే టిక్ పెట్టిన గడుల ద్వారా తీసుకోకూడదని సూటిగా చెబుతున్నాయి. ప్రయాణ బీమాను మీ యాప్ లాంటి బుకింగ్ పోర్టళ్లు ముందే ఎంపిక చేసి పెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అంతకు ముందే, 2019 సెప్టెంబరులోనే ఆదేశించింది. ఆపైన 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల మీద మార్గదర్శకాలు తెచ్చి అలాంటివి 13 రకాలను నిషేధించింది. అడగని వస్తువునో సేవనో విరాళాన్నో బిల్లులో కలిపేయడం 'బాస్కెట్ స్నీకింగ్', మనిషిని తప్పు చేస్తున్నట్టు అనిపించేలా చేసి ఒప్పించడం 'కన్‌ఫర్మ్ షేమింగ్'. ఈ రెండోదానికి ఆ మార్గదర్శకాల్లో ఇచ్చిన ఉదాహరణే విమాన టికెట్‌తో ఇన్సూరెన్స్ అంటగట్టడం గురించి. ఇంతకంటే దగ్గరి ఆధారం మీకు దొరకదు. కాబట్టి ఆ 996, విరాళం 40, కలిపి 1,036 మీ కేసులో అన్నిటికంటే గట్టివి. నలభై రూపాయలే కదా అని విరాళాన్ని వదిలేయకండి, మీ సమ్మతి అడగలేదని చూపించడానికి అది మంచి సాక్ష్యం.

సీట్ల సంగతి కొంచెం మెలికగా ఉంది, ఎందుకంటే ఇక్కడ నొక్కింది మీరే. నచ్చిన సీటుకు, భోజనానికి, చెక్-ఇన్ బ్యాగేజ్‌కు విడిగా డబ్బు తీసుకోవడానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిర్‌లైన్స్‌కు అనుమతి ఇచ్చింది. అయితే అవి ప్రయాణికుడు కోరితేనే ఇవ్వాలి, ముందే కలిపేసి వద్దంటే తీసేస్తామనడం కుదరదు. సీటు కొనకపోతే ప్రయాణం ఆగదు, వాళ్లే ఏదో ఒక సీటు కేటాయిస్తారు. మీ భయానికి కూడా సమాధానం ఉంది. 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఇచ్చిన ఆదేశం ప్రకారం 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరులో ఉన్న తల్లిదండ్రుల్లో లేదా పెద్దవాళ్లలో కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలి. అంటే బాబును మీకు దూరంగా కూర్చోబెట్టకుండా చూడాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌ది, దానికోసం మీరు డబ్బు కట్టనక్కర్లేదు. ఈ విషయం ఆ సీట్ల పేజీలో ఎక్కడా చెప్పకపోగా 'కుటుంబంతో కలిసి కూర్చోండి, కొన్ని సీట్లే మిగిలాయి' అని రాసిందని మీ మూడో స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తోంది. మీకూ బాబుకూ కొన్న రెండు సీట్ల వరకు, అంటే 700 అడగండి. అమ్మానాన్నల సీట్లకు కూడా అడిగితే తప్పు లేదు గానీ అక్కడ నేను పెద్దగా ఆశ పెట్టను.

కన్వీనియెన్స్ ఫీజు. మనిషికి 399 చొప్పున 1,596. ఒక్క పేమెంటుకు నలుగురి లెక్కన నాలుగు ఫీజులు ఎందుకని మీరు అడిగిన మాట న్యాయమైనదే. ఫీజు తీసుకోవడమే నేరం కాదు, కానీ దాన్ని తప్పించుకునే దారి లేనప్పుడు అది ధరలో భాగమే అవుతుంది కదా. ఈ-కామర్స్ నియమాలు తప్పనిసరి చార్జీలన్నీ కలిపి మొత్తం ధరను ఒకే అంకెగా, విడి లెక్కతో సహా చూపించాలంటున్నాయి. ధరలో కొంత భాగాన్ని మొదట దాచి చివర్లో బయటపెట్టడాన్ని సీసీపీఏ మార్గదర్శకాలు 'డ్రిప్ ప్రైసింగ్' అన్నాయి. పోర్టల్ లాయర్ ఏమంటారో ఇప్పుడే చెబుతాను, 'డబ్బు కట్టకముందే చూపించాం, ఆమె ఒప్పుకునే కట్టింది' అంటారు. అప్పుడు మీకు పనికొచ్చేది మొదటి స్క్రీన్‌షాట్. రాత్రి 9:12కి మీవారికి వాట్సాప్‌లో 'నలుగురికీ 16,796 అవుతుంది, బుక్ చేసేయనా' అని ఆ పేజీ పంపారు చూడండి, అందులో కన్వీనియెన్స్ ఫీజు ఊసే లేదు. ఆ మెసేజ్ డిలీట్ చేయకండి. ఫోన్ మార్చినా ఆ చాట్ బ్యాకప్ ఉంచండి, ఫిర్యాదుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేస్తే ఎవరూ వంక పెట్టలేరు.

బ్యాగుల 5,500 మీద మాత్రం మీకు నచ్చని మాట చెప్పాలి. చెక్-ఇన్ బ్యాగేజ్ లేని చౌక టికెట్ అమ్మడం నియమాలకు విరుద్ధం కాదు. కాకపోతే కౌంటర్ దగ్గర బ్యాగుకు ఎంత పడుతుందో బుక్ చేసేటప్పుడే చెప్పి, టికెట్ మీద కూడా ముద్రించాలి. అది ముద్రించి ఉంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే, లేకపోతే మీ ఫిర్యాదులో అదే అన్నిటికంటే పెద్ద అంకె అవుతుంది.

ఇక దారి. ముందు పోర్టల్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, ఎయిర్‌లైన్‌కు విడివిడిగా ఈమెయిల్ పెట్టండి. ఎవరు ఏ డబ్బు తీసుకున్నారో ఇన్‌వాయిస్‌లలో తెలుస్తుంది, కన్వీనియెన్స్ ఫీజుకు సాధారణంగా పోర్టల్ పేరుతో వేరే జీఎస్టీ బిల్లు ఉంటుంది. పోర్టల్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఉండాలి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఎయిర్‌లైన్ మీదైతే పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో కూడా నమోదు చేయండి. నా అనుభవంలో ఇన్సూరెన్స్, విరాళం లాంటివి చాలాసార్లు ఈ దశలోనే తిరిగి ఇచ్చేస్తారు, స్క్రీన్‌షాట్ ఉందని తెలిస్తే ఇంకా త్వరగా.

ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టికెట్ షరతుల్లో 'వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే' అని ఉందని భయపడ్డారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, అంటే హనుమకొండలో మీ ఇంటికి దగ్గర్లోనే. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయర్‌ను పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. పోర్టల్‌ను, ఎయిర్‌లైన్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. తిరిగి రావాల్సిన మొత్తంతో పాటు మానసిక వేదనకు, ఖర్చులకు విడిగా అడగండి, కానీ లక్షలు రాయకండి, అతిగా అడిగిన ఫిర్యాదును కమిషన్ అనుమానంగానే చూస్తుంది.

మీలాంటి ఉత్తరాలు వేరేవాళ్లవీ ఉన్నాయి కాబట్టి రెండు మాటలు. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి అదనంగా వసూలు చేయకూడదని పౌర విమానయాన శాఖ 2022 జులైలోనే చెప్పింది, 200 కట్టమంటే ఏ నియమం కింద అని అడగండి. 'నాన్ రిఫండబుల్' టికెట్ రద్దు చేసుకున్నా, అసలు ప్రయాణమే చేయకపోయినా, అందులోని పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు తిరిగి ఇవ్వాల్సిందే. చాలామంది అడగరు కాబట్టి అవి అలాగే ఉండిపోతాయి.

మీరు పంపిన టికెట్ పీడీఎఫ్‌లో మొదటి పేజీ ఒక్కటే ఉంది. బ్యాగేజ్ వివరాలు సాధారణంగా రెండో పేజీలో, ప్రయాణికుల పేర్ల కింద ఉంటాయి. ఆ పేజీ పంపండి, అది చూశాకే ఆ 5,500 ఫిర్యాదులో చేర్చాలో వద్దో చెబుతాను.