నీ ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా సర్వీసు మిగలాలి

అమ్మాయీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన పోలీసు నవల నాలుగు అధ్యాయాలూ చదివాను. చెన్నైలో కంపుకొట్టే కూవం నది ఒడ్డున శవాన్ని చూడ్డానికి జనం ముక్కు మూసుకుని మరీ నిలబడ్డం బాగుంది. నాకు పేచీ అంతా నీ ఇన్‌స్పెక్టర్‌తోనే. మొదటి అధ్యాయంలో తాగాడు. రెండో దాంట్లో భార్య పోయిందన్నావు. మూడో దాంట్లో చిన్నప్పుడు నాన్న బెల్టుతో కొట్టేవాడట. నాలుగో దాంట్లో నిద్రమాత్రలు. పది పుస్తకాల సిరీస్ రాస్తానంటున్నావు కదా, ఇక రెండో పుస్తకానికి అతని దగ్గర ఏం మిగిలిందని?

ఒక్క కష్టం చాలు. కానీ అది డ్యూటీకి అడ్డం పడాలి. రాత్రంతా తాగినవాడు పొద్దున పదిన్నరకి కోర్టు బోనెక్కాలంటే ఏం చేస్తాడు? ఎన్ని ఏలకులు నములుతాడు? పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ ఏ వంకతో కిటికీ తెరుస్తాడు? అది రాయి. బాల్కనీలో గ్లాసు పట్టుకుని వాన చూడ్డం ఎవరైనా రాస్తారు.

నేనైతే అతన్ని ఇలా ఇరికిస్తాను. ఎస్సైగా ఉన్న రోజుల్లో స్టేషన్లో ఒక కుర్రాణ్ణి విచారణ పేరుతో చితకబాదారు. కుర్రాడు పోయాడు. ఇతను చెయ్యి వెయ్యలేదు, పక్కగదిలో కూర్చుని స్టేషన్ రోజువారీ పుస్తకం, అదే జనరల్ డైరీ, రాసుకుంటున్నాడు. కస్టడీలో మనిషి పోతే మేజిస్ట్రేట్ విచారణ జరగాల్సిందే. అక్కడ ‘నాకేం వినపడలేదు సార్’ అన్నాడు. కేసు సెషన్స్ కోర్టులో వాయిదా మీద వాయిదాగా నడుస్తూనే ఉంది. ఆ రోజు కొట్టినవాడే ఇవాళ ఇతని పై అధికారి. పుస్తకానికోసారి సమన్లు వస్తాయి. కోర్టు వరండాలో ఆ కుర్రాడి తల్లి ఎదురుపడి, అలవాటు కొద్దీ ఇతనికి నమస్కారం పెడుతుంది. ఇక ఫ్లాష్‌బ్యాకులతో పనేముంది? పాత సంగతి దానంతటదే ఖాకీ కవర్లో స్టేషన్‌కి వస్తుంది. పక్కగదిలో నిజంగా ఏం వినపడిందో సగం మూడో పుస్తకంలో చెప్పు, మిగతా సగం ఏడోదాకా దాచు. ఈలోగా అతను ఏ అనుమానితుడి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నా చదివేవాళ్లకి టెన్షనే.

వయసు 52 అని రాశావు. తమిళనాడులో సర్కారు ఉద్యోగికి రిటైర్మెంట్ 60కి. ఏడాదికో కేసు చొప్పున నడిపితే నీ పదో పుస్తకం పెన్షన్ ఆఫీసులో తేలుతుంది. ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ 1920లో తన డిటెక్టివ్ పొయిరోని తీసుకొచ్చినప్పుడే అతను రిటైరైన పోలీసు. అతని చివరి కేసు 1975లో అచ్చయింది. అంత పెద్దవాడిగా మొదలుపెట్టినందుకు ఆవిడే తర్వాత నొచ్చుకున్నారు. ప్రైవేటు డిటెక్టివ్ కాబట్టి చెల్లింది. నీవాడికి సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది. 38 చెయ్యి. ఎన్నికల ముందు ఒకేచోట మూడేళ్లు నిండినవాళ్లని ఎలాగూ బదిలీ చేస్తారు, కొత్త పేట, కొత్త స్టేషన్ కావాలన్నప్పుడు అది వాడుకో.

కాగితాల పని కూడా కొంచెం చూసుకో. నీ కథ 2025లో జరుగుతోంది, ఎఫ్ఐఆర్‌లో హత్యకి పాత ఐపీసీ సెక్షను 302 అని రాయించావు. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యలకి కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత, అదే బీఎన్‌ఎస్, సెక్షను 103. పాత హెడ్ కానిస్టేబుల్ నోట ‘త్రీ నాట్ టూ’ అని వస్తే రానీ, కాగితం మీద రాకూడదు. ఇంకోటి, చెన్నైలో చాలా స్టేషన్లలో లా అండ్ ఆర్డర్‌కి ఒక ఇన్‌స్పెక్టరు, క్రైమ్‌కి ఒకరు. క్రైమ్ వాళ్లు ప్రధానంగా దొంగతనాలు చూస్తారు, మామూలు హత్య లా అండ్ ఆర్డర్ వాళ్ల నెత్తిన పడుతుంది. ఒకే కప్పు కింద ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఒకటే జీపు పనిచేస్తోంది. ఇంకేం కావాలి నీకు?

నాలుగో అధ్యాయం చివర హంతకుడు ఇన్‌స్పెక్టర్ ముందు ఏడ్చి ఒప్పుకున్నాడు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదమ్మా. అతను చెప్పినచోట కత్తి దొరికితే, ఆ దొరికిన మేరకే పనికొస్తుంది. దానికి మహజరు, అంటే పంచనామా, రాయాలి, సాక్షులు సంతకం పెట్టాలి, ఆ సాక్షులు మూడేళ్ల తర్వాత మాట మార్చకుండా ఉండాలి. కాబట్టి నువ్వు ముగింపు అనుకున్నచోట అతనికి అసలు పని మొదలవుతుంది.

ఇక ఊరు. తెలుగువాళ్లనగానే టి.నగర్, కోడంబాకం రాసి ఊరుకున్నావు. ఉత్తర చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు నీ నవలలో ఒక్క పేజీలోనైనా లేరు.

నీ ఇన్‌స్పెక్టర్ చేత తెలుగు పద్యాలు చదివించావు, అది మాత్రం నమ్మలేను. విల్లివాక్కంలో పుట్టి తమిళ మీడియంలో చదివినవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ, చదవడం ఎక్కడొస్తుంది? మీ ఇంట్లోనే చూడు, మీ నాన్నకి శుభలేఖ ఎవరు చదివిపెడతారు? అదే పట్టుకో. శవం జేబులో తెలుగు ఉత్తరం దొరుకుతుంది. అధికారికంగా అనువాదం చేయించాలంటే రోజులు పడుతుంది. రాత్రి ఫోన్లో ఫొటో తీసుకెళ్లి వాళ్లమ్మకి చూపిస్తాడు. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని, తెరని వేలితో పెద్దది చేసుకుంటూ, కూడబలుక్కుని చదువుతుంది. ఒకచోట ఆగుతుంది. ‘ఇంకేం లేదురా, కింద సంతకమే’ అంటుంది. కింద ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయని అతనికి కనపడుతూనే ఉంది.

ఆవిడ ఎందుకు ఆపిందో నువ్వు తేల్చుకో. అయిదో అధ్యాయం పక్కనపెట్టి ముందు ఈ సీను రాసి పంపు. ఆదివారం పదకొండు తర్వాత ఫోన్ చెయ్యి. అంతకుముందు చేస్తే మీ అత్తయ్య ఎత్తుతుంది, పెళ్లి సంబంధాల దగ్గర మొదలుపెడితే గంటకి గానీ వదలదు.

ఇట్లు,
మావయ్య
పశ్చిమ మాంబళం