12 అండాల్లో 8 మాత్రమే మెచ్యూర్ అయ్యాయంటే మైటోకాండ్రియా వీక్ అనా?

మీ వదినగారికి ఐవీఎఫ్‌లో 12 అండాలు తీస్తే నాలుగు మెచ్యూర్ కాలేదనీ, ఎవరో "మైటోకాండ్రియా వీక్" అన్నారనీ రాశారు. నేను డాక్టర్ని కాదు. బెంగళూరులో కొన్నేళ్లు ల్యాబ్‌లో గొర్రె అండాల మీద పని చేశాను, అక్కడ చూసింది చెబుతాను.

పొద్దున్నే కబేళా నుంచి అండాశయాలను గోరువెచ్చని సెలైన్ పోసిన ఫ్లాస్కులో వేసుకుని ఆటోలో తెచ్చేవాణ్ని. "కాఫీయా సార్?" అని ఓ డ్రైవర్ అడిగితే అవుననేశాను. సూదితో లాగితే అండం ఒంటరిగా రాదు. సగ్గుబియ్యం గింజకు పిండి అంటుకున్నట్టు చుట్టూ క్యుములస్ కణాలుంటాయి. మొదటి నెలలో నాకవి మురికిలా అనిపించి, పిపెట్‌తో ఊడగొట్టి, బోసి అండాలను 24 గంటలు ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మీడియంలో గ్లూకోజ్ ఉంది గానీ పైరువేట్ (గ్లూకోజ్ విరిగితే వచ్చే చిన్న పదార్థం) కలపడం మరిచాను. మర్నాడు ఒకటీ అరా తప్ప వేటికీ పోలార్ బాడీ (మెచ్యూర్ అయ్యేటప్పుడు అండం బయటికి నెట్టే బుల్లి కణం) లేదు. మా మేడమ్ డిష్ చూసి, "వంటమనిషిని పంపించేసి బియ్యం ముందు పెట్టావు" అన్నారు.

నిజమే. గ్లూకోజ్‌ను అండం సొంతంగా పెద్దగా వాడుకోలేదు. క్యుములస్ కణాలు దాన్ని పైరువేట్‌గా మార్చి, సన్నటి దారుల గుండా లోపలికి అందిస్తాయి. ఆ పైరువేట్ నుంచి ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి, తీసేవి మైటోకాండ్రియా. మెచ్యూర్ అయిన మనిషి అండంలో అవి లక్షకు పైనే ఉంటాయి. స్కూల్ బొమ్మల్లోలా పొడుగ్గా, లోపల బోలెడు ముడతలతో ఉండవు; గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. ఎలుక అండాల్లో చూస్తే, కేంద్రకం పొర కరిగాక ఇవి స్పిండిల్ (క్రోమోజోములను పట్టి లాగే దారాల కట్ట) చుట్టూ చేరతాయి. క్రోమోజోములను విడదీసి సగాన్ని పోలార్ బాడీలోకి నెట్టే పని జరిగేది అక్కడే మరి. ఏటీపీ చాలకపోతే ఆ స్పిండిల్ సరిగా నిలబడదు. పైగా పిండం తొలి రోజుల్లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ కొత్తగా పెద్దగా తయారు కాదు, అమ్మ అండంలో ఉన్న సరుకుతోనే నెట్టుకురావాలి.

అయితే మెచ్యూర్ అయిందా లేదా అని తేల్చడానికి ఐవీఎఫ్ ల్యాబ్‌లో మామూలుగా చూసేది పోలార్ బాడీనే, మైటోకాండ్రియాను కాదు. కాబట్టి ఆ "వీక్" మాట ఊహే అనుకుంటాను. చిన్న ఫాలికల్ (అండాశయంలో అండం పెరిగే నీటి సంచి) నుంచి వచ్చిన అండమైనా, అండాలను చివరిగా మెచ్యూర్ చేయించే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌కీ అండాలు తీయడానికీ మధ్య ఉండాల్సిన సుమారు 36 గంటల లెక్క తప్పినా ఇలాగే అవుతుంది. ఆ నాలుగూ జీవీ (కేంద్రకం పొర ఇంకా కరగని దశ) దగ్గర ఆగాయా, ఎంవన్ (పొర కరిగినా పోలార్ బాడీ ఇంకా రాని దశ) దగ్గరా అని ఎంబ్రియాలజిస్టునే అడగండి.