హేచరీలో చేరిన మేనకోడలికి

అమ్మడూ, తాబేళ్ళ హేచరీలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఎంత సంతోషమేసిందో. గుడ్లు తిప్పకూడదు, పెట్టిన కొన్ని గంటల్లోనే తెచ్చి పాతెయ్యాలి, ఇవన్నీ అక్కడోళ్ళు నేర్పిస్తారులే. నేను చెప్పేది వేడి గురించి, దాన్ని చాలామంది పట్టించుకోరు.

మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్డులో ఆడా మగా అన్నది మనకిలాగా ముందే ఖాయమైపోదు, గుంటలో ఇసక వేడే తేలుస్తుంది. 30 డిగ్రీలకి అటూఇటూగా ఉంటే రెండూ పుడతాయి, బాగా చల్లగా ఉంటే మగవి, వేడెక్కితే ఆడవి, 35 దాటి రోజుల తరబడి అలాగే ఉందంటే గుడ్డులోనే చచ్చిపోతాయి. మార్చి చివర్లో ఒకసారి నీడకి నెట్ కట్టడం లేట్ చేసి నేనే అలా కొన్ని గుంటలు పోగొట్టాను, తవ్వి చూసిన రోజు అన్నం సయించలేదు.

ఇంకోటి, గుడ్లు పొదిగే మొత్తం యాభై రోజుల్లో అసలు లెక్క మధ్య భాగానిదే. 50 రోజులకి పొదిగే గుంటైతే సుమారు 17వ రోజు నుంచి 33వ రోజు దాకా, అప్పుడే ఆడా మగా తేలేది. చివర్లో వందకి పైగా పిల్లలు లోపల పెరుగుతుంటే వాటి వంటి వేడికే గుంట ఒకట్రెండు డిగ్రీలు పెరుగుతుంది, దానికి కంగారుపడి నీళ్ళు కుమ్మరించకు.

పైన ఇసక కాలు కాలిపోతోందని చూసి కూడా అంచనా వెయ్యకు, ఒకటిన్నర అడుగు లోతులో గుడ్లు ఉన్నచోట థర్మామీటర్ పెట్టి చూడాలి. కంచె బయట మామూలు బీచ్‌లో అదే లోతులో ఇంకోటి పెట్టు. లోపల దానికన్నా ఎక్కువ చూపిస్తే గ్రీన్ నెట్ కట్టు, గాలాడేలా ఎత్తుగా. అలాగని అన్నిటికీ మొదట్నుంచీ దట్టంగా నీడేస్తే దాదాపు అన్నీ మగవే రావచ్చు, అదీ తప్పే. అసలు నీడ లేక వేడెక్కితే దీనికి తిరగబడుతుంది: ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరాన చూస్తే చిన్న వయసు పచ్చ తాబేళ్ళలో 99 శాతం ఆడవేనని 2018లో తేలింది, వేడెక్కిన ఇసక వల్లే.

పిల్లని చేతిలో పట్టుకుని చూస్తే ఆడో మగో తెలీదమ్మా, అందుకే ప్రతి గుంటకీ తేదీ, వేడి రోజూ నోట్‌బుక్‌లో రాయి. సీజన్ అయ్యాక ఇంటికొచ్చేటప్పుడు అది పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య