తాత నెగెటివ్‌ల డబ్బా

బిడ్డా,

తాత తీసిన నల్లగొండ బజారు ఫొటోలను పుస్తకం వేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత సంతోషమైంది. కొంచెం టెన్షన్ కూడా. ఆ రేకు డబ్బాలో ఉన్నవి 1950ల నాటి నెగెటివ్‌లు. ఒకటి పాడైతే మళ్లీ తేలేం.

మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్మ్ చెడిపోవడం మొదలైనట్టు. వాటిని వేరే పెట్టి, ముందు వాటినే స్కాన్ చెయ్యి. అతుక్కుపోయినవాటిని మాత్రం లాగకు. నేనొకసారి తొందరపడి లాగితే ఒక పెళ్లి బరాత్‌లోని ముఖాలన్నీ ఊడి పక్క ఫిల్మ్‌కు అంటుకున్నాయి. ఆ పెళ్లికొడుకు ముఖం ఇంకెక్కడా లేదు.

తాతది 120 అనే వెడల్పు ఫిల్మ్ వేసే కెమెరా, రోలుకు పన్నెండే ఫొటోలు. 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కలు వచ్చేలా, స్కాన్ చేస్తే చాలు, పుస్తకంలో పేజీ నిండా వేసుకోవచ్చు.

ఇంకోటి బాగా గుర్తుపెట్టుకో. అప్పుడు దుకాణాల బోర్డులు చాలావరకు ఉర్దూలో ఉండేవి. నీకు ఉర్దూ రాదు కాబట్టి నెగెటివ్ తిరగేసి స్కాన్ చేసినా తెలియదు. ఫిల్మ్ మెరిసే వైపు నీకేసి పెట్టి వెలుతురులో చూడు, బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది. అనుమానముంటే చొక్కా జేబు చూడు. అది కుడి రొమ్ము మీదికి వచ్చిందంటే తిరగబడ్డట్టే.

ఏ సంవత్సరమో తేల్చడానికి ధరల పలకలు పనికొస్తాయి. రూపాయికి వంద లెక్కన నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, ధర వాటిలో రాసి ఉంటే ఫొటో ఆ తర్వాతిదే. సినిమా పోస్టర్‌ను నమ్ముకోకు, పాత సినిమాలు మళ్లీ మళ్లీ ఆడేవి.

అన్నీ వేయాలని ఆశపడకు. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫొటోగ్రాఫర్ 1955, 56లలో అమెరికా అంతా తిరిగి ఇరవై ఏడు వేలకు పైగా ఫొటోలు తీసి, చివరికి పుస్తకంలో పెట్టింది 83. గడియారం, ఊరేగింపుల ఫొటోలు ఒకటి రెండు చాలు. కట్టెల మోపు దించుకుంటున్న ఆడమనిషి ఫొటో ఉంది చూడు, తల మీద చుట్టకుదురు ఒక పక్కకు జారింది, వెనక లతీఫ్‌సాబ్ గుట్ట మసకగా ఉంది. నన్నడిగితే అట్ట మీదికి అదే. తాత ఆమెను ఆపి నిలబెట్టలేదు, ఆమె పని ఆమె చేసుకుంటుంటే తీసిండు.

అన్నిటికన్నా ముఖ్యంగా చేయాల్సింది, పెద్ద ప్రింట్లు తీయించి మన ముసలోళ్లకు చూపించడం. ఫోన్‌లో చూపిస్తే వాళ్లకు ఆనదు. కాగితం చేతికిస్తే ఒక మూలన వేలు పెట్టి "ఇది మా మేనమామ బండి" అంటారు. ఆ మాట అక్కడికక్కడే, వాళ్లు అన్నది అన్నట్టే, వెనక పెన్సిల్‌తో రాసుకో. ఎవరైనా "మా అమ్మ ఫొటో వద్దు" అంటే బతిమాలకు, తీసెయ్. ఈ పని మాత్రం వచ్చే ఏటికి వాయిదా వేయకు. ఆ బజారు చూసినోళ్లు ఇంకా కొందరే ఉన్నారు.

ఇక్కడికి వచ్చేటప్పుడు డబ్బాను బస్సు డిక్కీలో పెట్టకు, లోపల వేడికి ఫిల్మ్ ముడుచుకుంటుంది. ఒళ్లో పెట్టుకొని రా.

మీ పెద్దనాయన