కారు సామాను మార్చే ముందు ఒక ఆదివారం

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. పదిహేనేళ్ళ కారు, గతుకుల్లో ముందువైపు నుంచి టకటకమని చప్పుడు. మెకానిక్ ఏమో షాకబ్జార్బర్లు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చేతులు), స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలని తిప్పేది) అన్నీ పోయాయని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ చూసి బండి అమ్మేద్దామా అని నీకు టెన్షన్ పట్టుకుంది. కాస్త ఆగు. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. అంత పాత బండిలో రబ్బరు ఎక్కడున్నా ఎంతో కొంత పోయే ఉంటుంది. కానీ నీకు వినబడే చప్పుడు వాటిలో దేనిది అన్నది ఆ చీటీలో లేదు. అది తేలకుండా సామాను మార్చడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా పాత కారుకీ ఇదే టకటక. ఎడమ చక్రం జాకీ మీద ఎత్తి, కింద చేతికందిన ప్రతి జాయింటునీ పట్టుకుని ఊపి చూశాను. అంతా బిగువుగానే ఉంది. ఇక మిగిలింది షాకబ్జార్బర్లే అని తీర్మానించి రెండూ మార్పించాను. షెడ్డు నుంచి బయటికొచ్చి మొదటి స్పీడ్ బ్రేకర్ దాటానో లేదో, మళ్ళీ అదే టకటక. కొన్నాళ్ళకి బండి సర్వీసు గుంత మీద నిలబెట్టినప్పుడు, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండగా కిందికి దిగి స్టెబిలైజర్ లింకు రాడ్ పట్టుకుని ఊపాను. మలుపుల్లో బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ని చక్రం వైపు సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ అది. ఊడబోయే పన్నులా కదిలింది.

జరిగిందేమిటంటే, ఒక్క చక్రమే ఎత్తినప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడి ఆ లింకుని గట్టిగా లాగి పట్టుకుంటుంది. అరిగిపోయిన జాయింటు కూడా ఆ బిగువులో కొత్తదానిలా నటిస్తుంది. కాబట్టి లింకు రాడ్ చూడాలంటే రెండు ముందు చక్రాలూ నేల మీదన్నా ఉండాలి, రెండూ గాల్లోనన్నా ఉండాలి.

నువ్వు మాత్రం కారు కింద కాదు, డిక్కీలో మొదలుపెట్టు. స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ బయట పెట్టేసి ఓ రౌండు తిరిగి రా. నవ్వకు, సస్పెన్షన్ పోయిందని వచ్చిన బళ్ళలో జాకీ రాడ్ దొర్లుతున్నవి నేను చూశాను. టైర్లలో గాలి కూడా సరిచూసుకో. గాలి ఎక్కువైతే బాగున్న సస్పెన్షన్ కూడా రాయిలా కొడుతుంది.

తర్వాత రేడియో, ఏసీ ఆపేసి, అద్దాలు దించి, పొడవాటి గోడ పక్కగా నెమ్మదిగా నడుపు. చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తుంది కనుక ఏ పక్కదో కొంత తెలుస్తుంది. కొంతే. ఇనుము గుండా శబ్దం ఎటైనా పాకుతుంది. ఎక్కడ వినబడుతోంది అన్నదానికంటే, ఎప్పుడు వినబడుతోంది అన్నదాన్ని ఎక్కువ నమ్ము.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, చిన్న చిన్న గతుకుల్లో తేలికపాటి టకటక వస్తుంటే మొదటి అనుమానం లింకు రాడ్ మీదే. అదే గతుకుల్లో బ్రేకు మీద కాలు అలా ఆనించి చూడు. చప్పుడు ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, బ్రేకు ప్యాడ్లు కదులుతున్నాయి. బ్రేకు వేసినప్పుడు ధన్‌మని ఒక దెబ్బ, బండి కదిలించినప్పుడు ఇంకో దెబ్బ వస్తే లోయర్ ఆర్మ్ బుష్, అంటే ఆ ఆర్ము బండికి తగులుకునే చోటి రబ్బరు, చూడాలి. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా వదిలినట్టు టంగుమంటే, పైనుండే స్ట్రట్ మౌంట్ బేరింగ్ (స్ట్రట్ అంటే షాకబ్జార్బర్, స్ప్రింగు కలిసిన ముక్క). స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కటకటలాడితే అది యాక్సిల్ జాయింటు, దానికీ సస్పెన్షన్‌కీ సంబంధం లేదు. వేగంతో పాటు పెరిగే హోరు ఉంటే చక్రం బేరింగ్ అయ్యుండొచ్చు. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే చాలావరకు ఎడమ బేరింగే.

ఇంటికొచ్చాక టైర్ల మీద అరచేయి పెట్టి రాసి చూడు. దీని మీద నాకు మమకారం ఎక్కువ, ఎందుకంటే టైరు మొహమాటపడదు. రబ్బరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడినట్టు ఎగుడుదిగుడుగా తగిలితే షాకబ్జార్బర్ చక్రాన్ని నేలకి అదిమి పట్టడం లేదన్నమాట. చేతిని అడ్డంగా ఒక వైపు రాస్తే నున్నగా, ఇంకో వైపు రాస్తే రంపంలా గీసుకుంటే టో, అంటే పై నుంచి చూస్తే చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయన్న కొలత, తప్పింది. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్‌తో సరిపెట్టకు. అలైన్‌మెంట్ ఎందుకు తప్పిందో కూడా చూడాలి, బుష్ చిరిగినా తప్పుతుంది.

మడ్‌గార్డ్ నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష అందరూ చెబుతారు. మూడు నాలుగుసార్లు ఊగితే షాకబ్జార్బర్ చచ్చినట్టే. ఊగకపోతే బాగున్నట్టు మాత్రం కాదు, సగం చచ్చినవి కూడా ఈ పరీక్ష పాసైపోతాయి. దానికంటే టార్చి వేసి చూడటం మేలు. షాకబ్జార్బర్ ఒంటి మీద పల్చగా నూనె తడి, దాని మీద దుమ్ము ఉంటే ఫర్వాలేదు. నూనె కిందికి కారుతుంటే మార్చాల్సిందే. అప్పుడే స్ప్రింగు అడుగు చుట్టు కూడా చూడు, పాత బళ్ళలో తరచుగా అక్కడే తుప్పు పట్టి విరుగుతుంది. చదునైన నేల మీద చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలిస్తే, ఒక పక్క కుంగిందేమో తెలిసిపోతుంది.

ఇప్పుడు జాకీ. వెనక చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి చెయ్యి పెట్టు. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరితే నేను నీతో మాట్లాడను. గడియారంలో 12, 6 ఉండే చోట్ల చక్రం పట్టుకుని ఊపు. కదిలితే ఎవరినన్నా బ్రేకు తొక్కి పట్టమను. కదలిక పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) మీద అనుమానం. చక్రం వెనక వేలు ఆనించి ఉంచితే కదిలేది ఏదో వేలికే తెలుస్తుంది. 3, 9 దగ్గర ఊపితే కదిలేది సాధారణంగా టై రాడ్ ఎండ్, స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే జాయింటు. దాన్ని ఖాయం చేసుకోవాలంటే బండి దించి, ఇంజను ఆన్‌లో పెట్టి, ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడించమను. నువ్వు పక్కన కూర్చుని జాయింటు మీద వేళ్ళు వేసి ఉంచు. లూజు ఉంటే టక్‌మని వేళ్ళకి కొడుతుంది.

ముందు సస్పెన్షన్ మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ రకమైతే (స్ప్రింగు స్ట్రట్ మీదే ఉండేది) చక్రం వేలాడేలా ఎత్తితే బాల్ జాయింట్ లూజు బయటపడుతుంది. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చునే రకమైతే జాకీ ఆ ఆర్మ్ కిందే పెట్టాలి, లేకపోతే స్ప్రింగు బిగువు లూజుని దాచేస్తుంది. చూశావా, నా లింకు రాడ్ కథే ఇక్కడా.

బుష్ రబ్బరు పైన సన్నటి బీటలు చూసి కంగారుపడకు. చిన్న గడ్డపలుగు ఆనించి ఆర్ముని మెల్లగా ఎగదోస్తే, రబ్బరు ఇనుము నుంచి విడిపోయి నోరు తెరుస్తోందా అన్నదే చూడాలి.

లింకు రాడ్ చప్పుడు చేస్తూ కొన్నాళ్ళు నడుస్తుంది. బాల్ జాయింట్ గానీ టై రాడ్ ఎండ్ గానీ లూజు అని తేలితే మాత్రం ఆ రోజు నుంచి బండి తియ్యకు. అవి ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, స్టీరింగ్ నీ చేతిలో ఉండదు.

షాకబ్జార్బర్లు జతగానే మార్పించు. స్ట్రట్ విప్పే పని ఇంట్లో పెట్టుకోకు, నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం తీస్తుంది. లోయర్ ఆర్మ్ మార్చేటప్పుడు బుష్ బోల్టులు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చెయ్యమను. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది, కొత్త బుష్ తొందరగా చిరుగుతుంది. ఇది చాలామంది వదిలేస్తారు. పని అయ్యాక అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాలి.

ఒక కాగితం మీద ఎడమ, కుడి అని రెండు గళ్ళు గీసి, చూసిందల్లా రాసుకుని ఆ మెకానిక్ దగ్గరికే వెళ్ళు. పోట్లాటకి కాదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడానికి. నాకూ దాని ఫోటో పంపు. నా పందెం లింకు రాడ్ మీద. అయితే నేనూ బండి చూడకుండానే చెబుతున్నాను కదా.

నీ పెదనాన్న