చందువాల చుట్టరికం తేల్చాలంటే

చిరంజీవి బుజ్జమ్మకు,

తెల్ల చందువా, నల్ల చందువా నిజంగా చుట్టాలేనా అని జన్యువులతో తేలుస్తానన్నావు. మంచి ప్రశ్నే పట్టావు. సంతలో రెండూ పక్కపక్క గంపల్లో ఉంటాయి, పళ్ళెంలాంటి ఒళ్ళూ ఒకటే, పేరూ ఒకటే. అయినా నల్లది పార చేపల కుటుంబంలోది. తెల్లదాని చుట్టాలు వంజరం, ట్యూనా ఉన్న వైపు ఉన్నాయి. జపాన్‌కు చెందిన మసాకి మియా బృందం 2013లో సముద్రపు చేపల కుటుంబాలు 15 ఒకే మూలం నుంచి వచ్చాయని చూపించింది, తెల్ల చందువా కుటుంబం వాటిలో ఒకటి. జవాబు తెలిసిన లెక్కతో చేయి తిప్పుకోవడం మేలే. జన్యువులతో నువ్వు గీసే చుట్టరికాల చెట్టు వేరే మాట చెప్పిందంటే తప్పు నీ పనిలో ఎక్కడో ఉందని వెంటనే తెలిసిపోతుంది.

చందువాలు రెండే తెస్తే ఏమీ తేలదు. వేరు పెట్టని చెట్టులో, అంటే మూలం ఎటుందో చెప్పని చెట్టులో, మూడు చేపలకు ఒకటే ఆకారం, నాలుగుంటేనే మూడు ఆకారాలు వస్తాయి, అప్పుడే ఎంచుకోవడానికి ఏదైనా ఉంటుంది. అందుకని వంజరం, పార తప్పకుండా కొను. ఇంకో నాలుగైదు జాతులు చేరిస్తే మరీ మంచిది. ఒక్కో జాతికి కనీసం 3 చేపలు. ఒక్కటే ఉంటే దాని పేరు తప్పని పట్టుకునే దారే ఉండదు.

జువ్వలదిన్నె గానీ మైపాడు గానీ కొత్తపట్నం గానీ, బోట్లు ఒడ్డుకొచ్చే వేళకు అక్కడుండు. ఎక్కడ వల వేశారో చెప్పగలిగిన మనిషి దగ్గర, కడుపు తీయని చేపనే కొను. ఆయన పిలిచే పేరు పుస్తకంలో రాసుకో. ఊరు మారితే పేరు మారుతుంది, కాబట్టి ఆ పేరునే జాతి పేరనుకోవద్దు. తోక మొదట్లో, ఒంటి పక్కన పొడవునా ఉండే పక్కగీత మీద, వేలితో తోక నుంచి తల వైపు రాసి చూడు. గరుకుగా పలకలు తగిలితే నల్ల చందువా. పొట్ట రెక్కలు చూసి తేల్చేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకు. తెల్లదానికి అవి ఉండవు, నల్లదానికీ పెరిగాక పోతాయి.

గంపలో అన్ని చేపల జిగురూ అన్నిటికీ అంటుకుంటుంది, ఆ జిగురులోనూ డీఎన్‌ఏ ఉంటుంది. మంచినీళ్ళతో కడిగి, ఎడమ పక్క పైకి పెట్టి, పక్కన స్కేలుంచి ఫొటో తీయి. తర్వాత కుడి పక్కన తోలు లేపి లోపలి కండ శనగగింజంత కోసుకో. పొట్ట జోలికి పోకు, అది మింగిన చేప కూడా నీ చెట్టెక్కుతుంది. చేపకూ చేపకూ మధ్య కత్తెరను తుడిచి, స్పిరిట్‌లో ముంచి మంటకు చూపించు. 2 మిల్లీలీటర్ల ట్యూబులో 95 శాతానికి తగ్గని ఇథనాల్ పోసి కండ వేయి, కండకు పదింతలు ఇథనాల్ ఉండాలి. మర్నాడు ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయాలి, కండలోని నీళ్ళు దిగి అది పలచనవుతుంది. మార్కరుతో ట్యూబు మీద రాసిన నంబరు ఒక్క ఇథనాల్ చుక్కతో చెరిగిపోతుంది. గట్టి కాగితం ముక్క మీద పెన్సిలుతో రాసి లోపల వేయి. ట్యూబులు మైనస్ 20 డిగ్రీల్లో ఉంచు.

చేపను ఫార్మలిన్‌లో పెట్టేది కండ తీశాకే. ఫార్మలిన్ డీఎన్‌ఏను ప్రొటీన్లకు అతికించి ముక్కలు చేస్తుంది. మిగతా ఒళ్ళంతా 10 శాతం ఫార్మలిన్‌లో బిగిశాక 70 శాతం ఇథనాల్‌కు మార్చి, ట్యూబు మీది నంబరే సీసాకూ వేయి. రేపెవరైనా అనుమానపడితే నీ దగ్గర చూపించడానికి సీసా ఉండాలి.

ల్యాబులో డీఎన్‌ఏ తీసే కిట్టుకు 25 మిల్లీగ్రాముల కండ చాలు, ఎక్కువ వేస్తే దాని కాలమ్ (వడపోత గొట్టం) మూసుకుపోతుంది. ముందు ఇథనాల్ పూర్తిగా ఆరనివ్వు. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్-కే ఎంజైమ్ వేసి 56 డిగ్రీల్లో కండ కరిగి తేటపడేదాకా ఉంచు. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ జన్యువుకు ఫిష్-ఎఫ్1, ఫిష్-ఆర్1 ప్రైమర్లు (జన్యువు రెండు చివరలా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) సరిపోతాయి. పీసీఆర్‌లో, అంటే ఆ జన్యువుకు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పనిలో, 95 డిగ్రీల్లో 2 నిమిషాలు, తర్వాత 94లో అర నిమిషం, 54లో అర నిమిషం, 72లో ఒక నిమిషం చొప్పున 35 సార్లు, చివర 72లో 10 నిమిషాలు. డీఎన్‌ఏ వేయని ట్యూబొకటి ప్రతిసారీ పెట్టు. దాంట్లో బ్యాండు (డీఎన్‌ఏ గీత) కనపడితే ఆ రోజు పని మొత్తం పారబోయాల్సిందే, బేరాల్లేవు. నమూనాలో బ్యాండు రాకపోతే డీఎన్‌ఏ ఇంకా పోయకు, పదింతలు పలచన చేసి చూడు. చాలాసార్లు పీసీఆర్‌ను ఆపేది డీఎన్‌ఏతో పాటు వచ్చిన మలినమే.

రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించు, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరస చదివించు. మొదటి 20, 30 అక్షరాలు మసకగా ఉంటాయి, కోసెయ్. తర్వాత అందరూ తడబడే చోటుంది. సీఓఐ ప్రొటీన్ జన్యువు, మధ్యలో ఆగే కోడాన్ (ప్రొటీన్ ఇక్కడితో అయిపోయిందని చెప్పే మూడక్షరాల గుర్తు) ఉండకూడదు. సాఫ్ట్‌వేర్లో మామూలు కోడ్ పెట్టి చూస్తే టీజీఏ కనపడిన ప్రతి చోటా ఆగిపోయినట్టు చూపిస్తుంది, భయపడి మంచి సీక్వెన్సులు పారేస్తారు. వెన్నెముక ఉన్న జంతువుల మైటోకాండ్రియా కోడ్, అంటే 2వ పట్టిక, ఎంచుకో. అందులో టీజీఏ అంటే ఆగమని కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఆ పట్టికతోనూ మధ్యలో ఆగినా, మూడుతో భాగం పోని ఖాళీలు వచ్చినా అప్పుడు అనుమానించు. చదవడంలో పొరపాటన్నా అయ్యుండాలి, కేంద్రకంలోకి చేరిన పాత నకలన్నా అయ్యుండాలి.

ఇక అసలు సంగతి. సీఓఐ జాతిని గుర్తుపట్టడానికి దిట్ట, పాత చుట్టరికాలకు గుడ్డిది. ఆస్ట్రేలియా చేపల మీద 2005లో వార్డ్ బృందం వేసిన లెక్క చూడు. సగటు తేడా జాతిలోపల 0.39 శాతం, ప్రజాతిలో 9.93, కుటుంబంలో 15.46, క్రమంలో 22.18, తరగతిలో 23.27. చివరి రెండూ దాదాపు ఒకటే. మార్పు మీద మార్పు పడి పాత గుర్తులు చెరిగిపోయాయి, ముఖ్యంగా కోడాన్ మూడో స్థానంలో. నీ సీఓఐ చెట్టు నల్ల చందువాను పార పక్కన పెట్టొచ్చు. తెల్లదాన్ని వంజరం దగ్గరికి చేర్చమంటే దాని వల్ల కాదు. దానికి ఆర్‌ఏజీ1 లాంటి కేంద్రక జన్యువులు కలపాలి. రోడాప్సిన్ జన్యువు చేపల్లో ఇంట్రాన్లు (మధ్యలో వచ్చే పనికిరాని ముక్కలు) లేకుండా ఉంటుంది, తీయడం సులువు. కానీ అది కంటిచూపుకు పనికొచ్చే జన్యువు. లోతు నీళ్ళకు అలవాటుపడ్డ చేపలు చుట్టాలు కాకపోయినా దాంట్లో ఒకేలా మారుతాయి, దాని ఒక్కదాని మాట నమ్మకు.

ఒక్కో జన్యువుకూ చెట్టు విడిగా గీసి చూశాకే అన్నీ కలుపు. ఒకే నమూనా ఒక చెట్టులో పార పక్కన, ఇంకో చెట్టులో వంజరం పక్కన కూర్చుందంటే పరిణామ రహస్యం దొరికిందని సంబరపడకు, ముందు ట్యూబు మారిందేమో చూడు. చెట్టుకు వేరు ఎక్కడో తెలియడానికి బయటి చేప ఒకటి కావాలి, దానికి సొరను పెట్టకు. అంత దూరపు చేప వేరును ఎక్కడంటే అక్కడ అతికిస్తుంది. సీక్వెన్సులు దాచే జెన్‌బ్యాంకు ఖజానాలో ఉన్న కాడ్ చేప సీక్వెన్సులు తీసుకో. చెట్టు గీసే ఐక్యూ-ట్రీ సాఫ్ట్‌వేర్లో కోడాన్ స్థానాలు మూడింటికీ మార్పుల లెక్క వేర్వేరుగా ఎంచమను. కొమ్మ ఎంత గట్టిదో పరీక్షించే అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 1000 సార్లు నడిపితే 95కు తగ్గిన కొమ్మను గట్టిదని చెప్పకు. మామూలు బూట్‌స్ట్రాప్‌లో 70ని ఒప్పుకుంటారు, ఆ కొలతను ఇక్కడికి తేవద్దు.

ఖాళీ ట్యూబులు ఓ 20 మిగుల్చుకో. మన పులుసులో పడే బొమ్మిడాయి పాములా ఉన్నా మలుగుపాముకు దగ్గరి చుట్టం కాదు, జన్యువులు దాన్ని కొరమీను వైపు చేరుస్తాయి. రెండోసారికి ఆ మూడూ కొను, కత్తి పడకముందే.

ఆశీస్సులతో,
పెదనాయన